సీలు తియ్యని కట్నాలు

నేను పగ పట్టుడుల చాన స్లో. ఆ మాటకొస్తే ఏ పనిలనైనా స్లోనే. పండుగకు ఇస్తనన్న బ్లౌజు పండుగ దాటిన వారానికి ఇస్త. "ఇంకో పండుగ రాకపోతదా అక్కా" అని ఓదారుస్త. కోరుట్లల మా వీధి ఆడోల్లు ఇది తెలిసి కూడ నా దగ్గరనే కుట్టించుకుంటరు, ఎందుకంటే నేను కుట్టింది చంక కాడ పట్టెయ్యదు. పగ కూడ నేను అట్లనే కుట్టిన. ఆలస్యంగ, లోపల లైనింగు ఏసి, కొలతకు సరిగ్గ.

ఆ కొలత మా వదినెది. మా ఆయనకు సొంత అక్క, జగిత్యాలల ఉంటది. ఆమె చెడ్డదని నేను అనను. నేను మంచిదాన్నని కూడ అనను, ఇది చదివినంక మీరు కూడ అనరు.

వదినె ఆరోగ్యం అమ్మే కంపెనీ ఒకదాంట్ల చేరింది. పేరు చెప్ప. చెప్తే అది కూడ ప్రచారం కిందికే వచ్చి, దాని లాభం కూడ ఆమెకే పోతదేమోనని భయం. నీళ్లల్ల కలుపుకొని తాగే పొడి, సబ్బులు, పళ్ల పేస్టు, నొప్పుల నూనె. ఇవి అమ్ముడు అసలు పని కాదట. మనుషులను చేర్పించుడు అసలు పనట. ఆమె కింద ఇద్దరు చేరాలె, ఆ ఇద్దరి కింద ఇంకిద్దరు. ఎడమ దిక్కు చేరినోల్లు ఎడమ కాలు, కుడి దిక్కు చేరినోల్లు కుడి కాలు.

"నీ రెండు కాళ్లు గట్టిగ నిలబెట్టుకోవాలె మరదలా" అనేది ఫోన్ల.

నేను మిషన్ తొక్కుకుంటనే వినేదాన్ని. "నా కాళ్లు పొద్దంత ఆడితేనే బ్లౌజులు ఎల్లుతలేవు వదినె. ఇగ నిలబెడితే ఎట్ల?" అన్న.

ఆమెకు నా జోకులు నచ్చవు. "ఇన్నేండ్లల్ల నువ్వు పొడిచింది ఏమున్నది? జన్మంత హుక్కులు కుట్టుకుంటనే ఉండు. మీ సిరిసిల్లోల్లకు సాంచె చప్పుడు తప్ప మంచి మాట చెవిన పడది" అన్నది.

సాంచెలంటే మరమగ్గాలు. సిరిసిల్ల నా పుట్టినూరు, మా నాయిన వాటి మీదనే నేసిండు, ఇప్పుడు మా తమ్ముడు నేస్తుండు. అప్పుడు నవ్వేసి ఫోన్ పెట్టేసిన. ఆ మాట నాకు మూడో నాడు తాకింది, కాజాలు కుట్టుకుంట కూసున్నప్పుడు. చెప్పిన కదా, స్లో.

అయినా అది పగ కాదు. పగ మొదలైంది ఒడిబియ్యం కాడ.

పెండ్లయిన ఆడపిల్లకు పుట్టింటోల్లు బేసి ఏండ్లల్ల ఒడిల బియ్యం పోస్తరు. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, చీరె, రవిక గుడ్డ. ఆ బియ్యం అత్తగారింటికి తెచ్చుకొని వండి, వీధిల ముత్తైదువలను పిలిచి అన్నం పెట్టాలె. పిలుసుడంటే ఫోన్ చేసుడు కాదు. కుంకుమ భరిణ పట్టుకొని ఇంటింటికి పోయి, నుదుటికి బొట్టు పెట్టి పిలువాలె. బొట్టు పెట్టించుకున్నంక రాకపోవుడు మా దిక్కు లేదు. కాలు విరిగినోల్లు కూడ ఆటో మాట్లాడుకొని వస్తరు.

సిరిసిల్లల తమ్ముడు బియ్యం పోసిండు. కోరుట్లకు తెచ్చిన. పిలువనీకి ఆడబిడ్డ తోడుంటే మర్యాద కదా అని మా ఆయన జగిత్యాలకు ఫోన్ చేసిండు. వదినె పొద్దుగాల్నే బస్సు దిగింది, చేతిల ఇంత పెద్ద బ్యాగు. బట్టలనుకున్న.

ఇంటింటికి పోయినం. నేను బొట్టు పెడుతుంటే వదినె పక్కన నిలబడి అందరిని ప్రేమగ అడిగేది. మోకాళ్లు నొస్తున్నయా, షుగర్ ఎంతుంటున్నది, జుట్టు ఊడుతున్నదా. వదినె ఎంత మారింది, మనసుల ఎంత కరుణ ఉన్నది అని నాకు కండ్లల్ల నీళ్లు వచ్చినయి. ఆమె నా వీధి కొలతలు తీసుకుంటుందని నాకు తెల్వదు. కొలతలు తీసే పని చేసే మనిషిని, నాకే తెల్వలేదు.

ముత్తైదువలు వచ్చిండ్రు, అన్నం తిన్నరు. పరమాన్నం మంచిగ కుదిరింది. ఇగ తాంబూలాలు ఇస్తే ఎవరింటికి వాల్లు పోతరు. తాంబూలం తీసుకోకుంట లేచి పోవుడు ఇంటామెను అవమానించినట్టు, ఎవరు లేవరు. తాంబూలాల పళ్లెం వదినె చేతిల ఉన్నది.

ఆ పళ్లెం ఆమె ఒళ్లె పెట్టుకొని కూసున్నది. బ్యాగుల నుంచి గోడ మీద బొమ్మలేసే చిన్న మిషన్ ఒకటి తీసింది. నేను ఇస్త్రీ చేసి పెట్టుకున్న తెల్ల దుప్పటి గోడకు మొలలు కొట్టి కట్టింది. దాని మీద కోటు తొడుక్కున్న ఒక సారు బొమ్మ పడ్డది. "అందరు కదలకుంట చూడుండ్రి. మీ ఆరోగ్యం మీ చేతులల్లనే ఉన్నది" అన్నది వదినె.

మా ఎదురింటి పెద్దమ్మకు అరవై దాటినయి. ఇప్పటికి చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేస్తది. ముందుగాల నోరు తెరిచింది ఆమెనే.

"ఏంది బిడ్డా ఇది?"

"మోకాళ్ల నొప్పికి పొడి, పెద్దమ్మా."

"నాకు నొప్పి కూసొని బీడీలు చేసుడుతోని అచ్చింది. నీ పొడి నా బీడీలు చేసి పెడతదా?"

అందరు నవ్విండ్రు. వదినె కూడ నవ్వింది. "నవ్వుండ్రి పెద్దమ్మా. మొదలు అందరు నవ్వుతరు. ఎన్క నా నంబర్ అడుగుతరు."

సినిమా లెక్క అది సాగింది. పెద్దమ్మ ఆవులించింది. ఒకామె పిల్లగాడు బడి నుంచి వస్తడని లేవబోయి, తాంబూలం గుర్తొచ్చి మల్ల కూసున్నది. ఆఖరుకు వదినె ఒక్కొక్కరికి తాంబూలం ఇచ్చుకుంట, దాని పక్కన రెండేసి డబ్బాలు కూడ పెట్టింది. నుదుటి మీద నా బొట్టు, కడుపుల నా ఒడిబియ్యం. ఎట్ల కాదంటరు? పైసలు ఎన్క ఇయ్యిండ్రి అని, ఫోన్ నంబర్లు రాసుకొని, వదినె సాయంత్రం బస్సు ఎక్కింది. నేను గోడకు మొలలు కొట్టిన తొర్రలు చూసుకుంట నిలబడ్డ.

తెల్లారి నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. అభినందనలు, మీ టీం పెరుగుతుంది అని. నాకు టీం ఎక్కడిదబ్బా అనుకున్న. వదినె నన్ను అడగకుంటనే నా పేరు మీద చేరిక రాసింది. మా వీధోల్లందరిని నా కింద చేర్పించింది. అంటే వాల్లు కొన్న ప్రతి డబ్బాల నాకు ఇంత వాటా ఉన్నట్టు. అదే మెసేజ్ వాల్లకు కూడ పోయింది, నా పేరుతోని.

ఫోన్ చేసి అడిగిన.

"నీ మంచికే చేసిన మరదలా. థ్యాంక్స్ చెప్పుడు మరిచి కొట్లాటకు వస్తున్నవేంది?"

మా ఆయనకు చెప్పిన. ఆయన కొత్త పేస్టుతోని పండ్లు తోముకుంట, నోటి నిండ నురుగుతోని "అక్క కదా" అన్నడు. ఆయనకు అక్క అంటే ఆ రెండు మాటలే, ఏ ప్రశ్నకైనా సరిపోతయి.

వీధిల ఎవరు నన్ను ఏమనలేదు. అంటే బాగుండేది. బ్లౌజు గుడ్డలు మెల్లగ వేరే సందుకు పోవుడు మొదలువెట్టినయి. నీళ్ల కాడ నేను పోతే ముచ్చట ఆగేది. "ఏంది, మీ టీం మంచిగున్నదా?" అని ఒకామె అడిగింది, నవ్వుకుంటనే. నేను చేర్పించలేదు అని చెప్పిన. చేర్పించినోల్లు కూడ అట్లనే చెప్తరట.

శ్రావణ శుక్రవారం వచ్చింది. తాంబూలానికి పిలుద్దామని భరిణ పట్టుకొని ముందుగాల పెద్దమ్మ ఇంటికే పోయిన. అరుగు మీద చాట పెట్టుకొని కూసున్నది. నేను ఉంగరం వేలితోని కుంకుమ తీసి వంగిన. పెద్దమ్మ చాట పక్కకు పెట్టి, అరచేయి ఎత్తి నుదుటికి అడ్డం పెట్టుకున్నది.

"బొట్టు వద్దు బిడ్డా. ముచ్చట చెప్పు."

"శ్రావణ శుక్రారం పెద్దమ్మా. తాంబూలానికి రాండ్రి."

"తాంబూలమేనా? దాని ఎన్క ఇంకేమన్న ఉన్నదా?"

"ఏం లేదు పెద్దమ్మా."

"అప్పుడు గూడ ఏం లేదనే వచ్చినం."

ఆమె కోపంగ అనలేదు. పొగాకు వాసన వచ్చే ఆ చేయి అట్లనే నుదుటి మీద ఉంచుకొని, మెత్తగ అన్నది. నేను పెండ్లయి వచ్చిన కొత్తల ఈ ఊరిల నాకు మొదటి బొట్టు పెట్టింది ఆమెనే. వేలి మీది కుంకుమను ఏం చెయ్యాల్నో తెల్వక నా నుదుటికే పూసుకొని ఇంటికి వచ్చిన.

తాంబూలానికి ఎవరు రాలేదు. వీధి మొత్తానికని నానబోసిన శనగలు ఇంట్ల కుప్ప. వాటిని ఉడకబెట్టి గుడాలు చేసుకొని రోజు తిన్నం. పొద్దుగాల గుడాలు, మాపటికి గుడాలు. మా ఆయన "మల్ల గుడాలేనా?" అంటే "అక్క కదా" అన్న. ఒక్కొక్క శనగ నములుతుంటే నాకు పగ కొంచెం కొంచెం అరిగేది కాదు, పెరిగేది. నా పిలుపుకు విలువ పోయింది. రేపు ఇంట్ల మంచి జరిగినా చెడు జరిగినా ఎవరిని పిలువాలె? ఏ మొఖం పెట్టుకొని, ఎవరి మొఖానికి బొట్టు పెట్టాలె?

దేవుడు ఆలస్యంగనైనా నాకు గుడ్డ ఇచ్చిండు, కత్తెర ఇచ్చిండు. వదినె జగిత్యాలల ఇల్లు కట్టుకున్నది. గృహప్రవేశం చెప్పనీకి వచ్చింది.

"మరదలా, కంపెనీ పెద్ద సారు వస్తుండు. దుప్పటి మీద చూసిండ్రు కదా, ఆయననే. నా ఎన్క ఎంత జనం ఉన్నదో ఆయన కండ్లతోని చూస్తే నన్ను పై మెట్టుకు ఎక్కిస్తడు. స్టేజీల మీద మాట్లాడిపిస్తరు. నువ్వు కోరుట్లోల్లను, సిరిసిల్లోల్లను బొట్టు పెట్టి పిలువు. నీ బొట్టు అంటే ఎవ్వలు కాదనరు."

నీ బొట్టు అంటే ఎవ్వలు కాదనరు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముందట నేను పెట్టిన గుడాల గిన్నె ఉన్నది.

"సరే వదినె" అన్న. మా ఆయన తల తిప్పి నా దిక్కు చూసిండు. కాపురం చేస్తుండు కదా, నేను అంత తొందరగ ఒప్పుకుంటే ఆయనకు భయమైతది.

"ఆ రోజుకు నాకు పట్టు బ్లౌజు కూడ కుట్టు" అన్నది వదినె.

అది మాత్రం టైముకు కుట్టిన. నా జన్మల టైముకు ఇచ్చిన బ్లౌజు అదొక్కటే. కొలత ఒక పిసరు బిగించిన. ఊపిరి పీల్చుకోవచ్చు, ఉపన్యాసం ఇయ్యరాదు.

పెద్దమ్మ ఇంటికి పోయిన. నన్ను చూస్తనే చేయి నుదుటి దిక్కు లేచింది.

"భరిణ తేలేదు పెద్దమ్మా. గీసారి బొట్టు పెట్ట. ముచ్చటనే చెప్త."

"చెప్పు."

"మా వదినె ఇచ్చిన డబ్బాలు ఇంట్ల ఉన్నయా?"

"ఉన్నయి. ఒకటి విప్పి బర్రె కుడితిల కలిపిండు మీ పెద్దబాపు. బర్రె మూతి తిప్పుకున్నది. మిగిలింది బియ్యం డ్రమ్ము ఊగుతుంటే కిందికి ఎత్తు పెట్టిన."

"అది తీసి తుడువు. జగిత్యాలకు పోదాం. ఆమె ఇంటికి కట్నం పెట్టొద్దా?"

మా దిక్కు కట్నం అంటే పెండ్లికొడుకుకు ఇచ్చేదే కాదు. ఫంక్షన్‌కు పోయినోల్లు ప్రేమతోని పెట్టే చీరె, గిన్నె, గోడ గడియారం కూడ కట్నమే. ఎవరు ఏం పెట్టిండ్రో మైకుల చదువుతరు, అందరు వింటరు.

పెద్దమ్మ చేతిల బీడీ ఆకు చుట్టుడు ఆగింది. ఆ ఎన్క ఆమె నవ్విన నవ్వుకు చాటల పొగాకు ఎగిరింది.

"బొట్టు ఎందుకు పెట్టవు మరి?"

"పగకు పిలుస్తున్న పెద్దమ్మా. పగకు బొట్టు పెట్టద్దు."

ఆమె తల ఊపింది. ఆ మాట ఆమెనే వీధి మొత్తానికి చెప్పిందని నాకు ఎన్కకు తెలిసింది.

సిరిసిల్లల తమ్మునికి ఫోన్ చేసిన. వదినె వాని మెడకు కూడ సబ్బుల పెట్టె కట్టింది. కానీ ఒక ముచ్చట మరిచిపోయిన. సాంచెల మధ్య పని చేసేటోల్లకు మెల్లగ మాట్లాడుడు రాదు. ఆ చప్పుడుల చెవిల చెప్పినా అరిచే చెప్పాలె, ఎదుటోడు విన్నది అరిచి మల్ల అడగాలె. నేను ఇటు గుసగుసగ చెప్తుంటే వాడు అటు నుంచి అరుస్తుండు.

"ఏంది? సబ్బులు వాపసా? మైకుల చదివిస్తవా? జగిత్యాలల్నా?"

"మెల్లగ రా, తమ్మీ."

"మెల్లగనే అంటున్న కదనే అక్కా."

సాయంత్రానికి వాల్ల వీధి వీధికి తెలిసింది. వాని పక్క సాంచెల మీదోల్లు, వాల్ల చుట్టాలు, వదినె ఎప్పుడో చేర్పించి మరిచిపోయినోల్లు, అందరి ఇండ్లల్ల డబ్బాలు బయటికి వచ్చినయి. ఇది జగిత్యాల దాక పోతదేమోనని నాకు నిద్ర పట్టలేదు. పోలేదు. వదినెకు చెప్పేటంత దగ్గరోల్లు ఎవరు మిగలలేదు, అందరు ఆమె కింద ఉన్నోల్లే.

గృహప్రవేశం నాడు మా వీధోల్లు కోరుట్ల నుంచి ఆటోలల్ల దిగిండ్రు, నేను మా ఆయన బండి మీద దిగిన. సిరిసిల్లోల్లు ట్రాలీ కట్టుకొని వచ్చిండ్రు. వదినె గుమ్మంల నిలబడి ఆ జనాన్ని చూసి మురిసిపోయింది. ముందు వరుస కుర్చీల సారు కూసున్నడు, ఎండల కూడ కోటు విప్పలేదు. "చూసిండ్రా సార్, అంత నా టీమే" అన్నది ఆమె. ఇంకేదో చెప్పబోయి బ్లౌజు బిగుతుకు ఆగి, ఊపిరి తీసుకున్నది.

భోజనాలైనయి, కట్నాలు మొదలైనయి. నేను పద్ధతి తప్పలేదు. ముందుగాల నేనే చీరె పెట్టిన, వెండి కుంకుమ భరిణ పెట్టిన. మైకాయన గంభీరంగ చదివిండు. ఆయన పాతకాలపు మనిషి, చేతికి ఏది వస్తే దాన్ని మర్యాదగ చదువుతడు, గిన్నె అయితే గిన్నె, అది స్టీలుదా ఇత్తడిదా అన్నది కూడ వదలడు.

పెద్దమ్మ పోయింది, కొంగు కిందికెల్లి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"కోరుట్ల నుంచి వచ్చిన పెద్దమ్మ గారి కట్నం. పొడి డబ్బా ఒకటి. కొత్తది, సీలు తియ్యనిది."

సారు చప్పట్లు కొట్టిండు. ప్రొడక్ట్ మీద జనానికి ఇంత ప్రేమ ఉన్నది అని పక్కాయనకు చెప్పిండు కూడ. వదినె మాత్రం నా దిక్కు తిరిగింది.

"పక్కింటి చెల్లె గారి కట్నం. పొడి డబ్బా ఒకటి. సీలు తియ్యనిది. నొప్పుల నూనె ఒకటి, సీలు తియ్యనిది."

సారు చప్పట్లు పలచవడ్డయి.

"సిరిసిల్ల తమ్ముని గారి కట్నం. సబ్బుల పెట్టె. సీలు..." మైకాయన పెట్టెను అటిటు తిప్పి చూసిండు. "తియ్యనిది."

అప్పటికి వెనక వరుసల నవ్వు మొదలైంది. మైకాయన నవ్వలేదు, అదే నాకు బాగా నచ్చింది. గుడిల మంత్రం చదివినట్టు చదువుకుంట పోయిండు. బల్ల నిండింది, కింద చాప పరిచిండ్రు. చాప నిండింది. వదినె లేచి ఏదో చెప్పబోయింది. ఊపిరి అందలేదు, మల్ల కూసున్నది. నా కుట్టు పని ఇంత అక్కరకు ఎన్నడు రాలేదు.

పెద్దమ్మ ఆమె దగ్గరికి పోయి భుజం మీద చెయ్యేసింది. "ఏమనుకోకు బిడ్డా. అన్నం పెట్టినంక కాదనద్దు గదా. నువ్వు గూడ కాదనకు."

సారు తాంబూలం తీసుకోకుంటనే లేచిండు. మా దిక్కు మర్యాద ఆయనకు తెల్వదు పాపం.

నాకు జాలి కలిగిందని రాస్తే మీరు నన్ను మెచ్చుకుంటరేమో. కలగలేదు. బండి మీద ఇంటికి వస్తుంటే మా ఆయన వీపు కదులుతున్నది. ఏడుస్తుండో, నవ్వుతుండో ఎన్క కూసున్న నాకు తెల్వలేదు. కొంత దూరం పోయినంక "గా డబ్బాలు అక్క ఏం చేస్తదే?" అని అడిగిండు.

"ఎడమ కాలు కింద కొన్ని, కుడి కాలు కింద కొన్ని పెట్టుకుంటది" అన్న. అప్పుడు తెలిసింది, నవ్వుతుండని.

వదినె చాన నెలలు మాతోని మాట్లాడలేదు. సారు ఆమెను ఏ మెట్టు ఎక్కించలేదని విన్నం. మొన్న మల్ల తమ్ముడు నాకు ఒడిబియ్యం పోసిండు. తెచ్చుకొని, భరిణ పట్టుకొని పెద్దమ్మ గడపల నిలబడ్డ. పెద్దమ్మ కొంగుతోని నుదుటి మీది పొగాకు దుమ్ము తుడుచుకొని, మొఖం ముందుకు పెట్టింది.

"పెద్దగ పెట్టు బిడ్డా. నీ చెయ్యెప్పుడు పిసినారిదే."

వీధి అంత తిరిగిన. ఒక్క చెయ్యి కూడ అడ్డం రాలేదు. మిగిలింది ఆడబిడ్డనే. ఆమెను పిలువకుంట ఒడిబియ్యం వండుకోవద్దు, అది పద్ధతి. బస్సెక్కి జగిత్యాల పోయిన.

వదినె తలుపు తీసింది. నేను భరిణ మూత తీసి, ఉంగరం వేలికి కుంకుమ అద్దుకొని ముందుకు వంగిన.

ఆమె అరచేయి లేచి నుదుటికి అడ్డం పోయింది.

"బొట్టు వద్దు. ముచ్చట చెప్పు" అన్నది. "ఏముంటది ఆడ?"

"ఒడిబియ్యం అన్నం, పప్పు, పరమాన్నం."

"ఇంకా?"

"తాంబూలం."

"మైకు గిట్ల ఉంటదా?"

"ఉండదు వదినె."

చెయ్యి దించలేదు. వేళ్ల సందుల నుంచి నన్నే చూస్తున్నది. ఇంటి కాడ మిషన్ మీద వీధి మొత్తం బ్లౌజులు పడి ఉన్నయి. కోరుట్లకు బస్సు టైము అయితున్నది. అయినా నేను వేలు ఎనక్కి తీసుకోలేదు. ఆలస్యం నాకు కొత్త కాదు కదా, అట్లనే నిలబడ్డ.